చెరువులో పూడిక ఎవరి చేని మట్టి?



నీళ్ళ చరిత్ర అంటే మన పుస్తకాల్లో చెరువుల చరిత్రే. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు, వాటి కింది ఆయకట్టు, వాటిని కట్టించిన రాజుల పేర్లు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇవన్నీ కంఠతా చెప్తారు. ఈ భాగంలో నేను చెరువు దగ్గర ఆగడం లేదు. చెరువుకు పైనున్న వంకల్లోకి, ఆ వంకలు పుట్టే గుట్టల మీదికి పోదాం. మనవాళ్ళ చేన్లు ఎక్కువగా ఉండేది అక్కడే. మనవాళ్ళ చాకిరీ లెక్కలోకి రాకుండా పోయిందీ అక్కడే.

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా రైల్లో పోతే రెండువైపులా రాతి గుట్టలు కనిపిస్తాయి. వాటి కింద పలచటి ఎర్రనేల. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ వానైనా తీరుబడిగా పడదు. నెలల తరబడి మొహం చాటేసి, ఒక్క సాయంత్రం కుండపోతగా కురిసి పోతుంది. చెట్టూ చేమా లేని గుట్ట మీద పడ్డ ఆ నీళ్ళు ఆగవు. ముందు నేల మీద సన్నటి గీత పడుతుంది. మరుసటి వానకు అది గాడి అవుతుంది. నాలుగేళ్ళకు మనిషి దిగితే కనపడనంత కోత అవుతుంది.

ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. నీళ్ళు కిందికి పోతాయి, కోత మాత్రం పైకి పాకుతుంది. కోత మొదలయ్యే చోట, అంటే దాని తల దగ్గర, నీళ్ళు నిట్టనిలువుగా దూకుతాయి. దూకిన చోట అడుగు తొలుచుకుపోయి పైనున్న మట్టి పెళ్ళలుగా విరిగి పడుతుంది. అట్లా ప్రతి వానకూ కోత తల గుట్టవైపు జరుగుతుంది. కింద మొదలైన కోత, పైనున్న చేనును కొంచెం కొంచెంగా తింటూ పోతుంది. తిన్న మట్టినంతా తీసుకుపోయి చెరువులో పోస్తుంది.

పైనున్న ఆ చేను ఎవరిది? రెవెన్యూ రికార్డు తీయండి. చెరువు కింద మడి, బావి కింద తోట ఎవరి పేర్ల మీద ఉన్నాయో, గుట్టవార డి.కె.టి. పట్టాలు ఎవరి పేర్ల మీద ఉన్నాయో చూడండి. భూమి లేని పేదలకు భూమి ఇచ్చామని ప్రభుత్వాలు చెప్పుకున్నాయి. ఇచ్చింది చాలాచోట్ల ఎవరూ దున్నడానికి ఇష్టపడని రాళ్ళనేల, వాలునేల. ఆ పట్టా భూములు అన్యాక్రాంతం కాకూడదని 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. అమ్మకుండా, కొనకుండా ఆపడానికి చట్టం తెచ్చారు. వంక కోసుకుని పోతుంటే మాత్రం ఆ చట్టం ఏం చేస్తుంది? కాగితం మీద రెండెకరాలు అట్లాగే ఉంటాయి. నేల మీద మాత్రం ఉండవు.

ఇక చరిత్రలోకి పోదాం.

మన సీమలో నీటి విద్య గురించి మాట్లాడేటప్పుడు అందరూ చెప్పే శాసనం కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. గట్టి నేల ఉండాలి, దూరం నుంచి మంచినీళ్ళు తెచ్చే ఏరు ఉండాలి, కొండల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట ఉండాలి, దగ్గర్లో రాతిగని ఉండాలి అని ఉంది. చవుడు నేల, కట్టలోంచి నీళ్ళు ఊరడం, చెరువు నడుమ మెరక, ఇవి దోషాలు. ఇప్పటి ఇంజనీరు కూడా కాదనలేని మాటలు.

ఆ పన్నెండు అంగాల వరస చూడండి. మొదటిది ధర్మాత్ముడైన రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. చిట్టచివర, పన్నెండోది, కట్టడం పనిలో ఆరితేరిన మనుషుల గుంపు. ఆ చెరువు కోసం రోజుకు వెయ్యిమంది రెండేళ్ళు పనిచేశారని, రాళ్ళు తోలడానికి వంద బండ్లు నడిచాయని శాసనమే చెప్తోంది. వెయ్యిమంది పేర్లు అందులో లేవు. పనిలో ఆరితేరినవాళ్ళు అని ఒప్పుకున్నారు, కానీ వాళ్ళకు తెలిసిందాన్ని శాస్త్రం అనలేదు.

మన పెనుకొండదీ ఇదే కథ. 1388 నాటి శాసనం ఒకటుంది. పెనుకొండను ఏలుతున్న ప్రతాప బుక్కరాయలు, జలసూత్రం తెలిసిన సింగాయభట్టును పిలిచి, హెన్నె నది నీళ్ళను కాలువ తవ్వించి పెనుకొండకు తెమ్మన్నాడు. హెన్నె అంటే మన పెన్నే. కాలువకు రాజు పేరు పెట్టారు. సూత్రం చెప్పిన భట్టు పేరు రాయి మీద నిలిచింది. పార పట్టినవాళ్ళెవరో ఆ రాయికి తెలియదు.

ఎవరు పట్టారో మనకు తెలుసు. మన్ను తవ్వే ఉప్పర్లు, రాయి కొట్టే వడ్డెర్లు, తట్ట మోసిన మాల మాదిగ ఆడోళ్ళూ మగోళ్ళూ. రాయిని చూడగానే అది ఎటు పగులుతుందో చెప్పగల వడ్డెర్ల చేతి విద్యకు బ్రిటిష్ సర్కారు ఇచ్చిన బహుమానం ఏంటి? మద్రాసు రాజధానిలో వాళ్ళలో కొన్ని గుంపులను నేరస్త తెగల జాబితాలో చేర్చింది. పని ఉన్నప్పుడు కట్టకు రాయి పేర్చే చెయ్యి, పని అయిపోయాక పోలీసు దగ్గర వేలిముద్ర వేసే చెయ్యి అయింది.

కట్టిన తర్వాత చెరువును కాచింది ఎవరు? నీరుగంటి. రాయలసీమలో ఈ పని ఎక్కువగా దళితులదే. వానరాత్రి కట్ట మీద తిరగాలి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలో చూడాలి. మరువ ఎప్పుడు పారుతుందో ముందే పసిగట్టాలి. కళ్ళం దగ్గర మేర కొలిచి పోస్తే తీసుకోవాలి. ఊరందరి మడికీ నీళ్ళు పెట్టే మనిషికి ఆయకట్టులో సొంత మడి ఉండడం అరుదు. బుక్కరాయసముద్రం కట్ట తెగకుండా ప్రాణమిచ్చిందని చెప్పే ముసలమ్మకు గుడి ఉంది, కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం ఉంది. ఆమె త్యాగాన్ని నేను తక్కువ చేయను. వందల ఏళ్ళు ప్రతి వానకాలమూ కట్ట మీద నిద్ర కాచిన నీరుగంటికి కావ్యం ఎందుకు లేదని మాత్రం అడుగుతాను.

కంపెనీ పాలనలో ఈ చాకిరీకి చట్టం ముద్ర పడింది. 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. చెరువు కట్టకో ఏటి గట్టుకో గండిపడే ప్రమాదం ఉంటే, చుట్టుపక్కల ఉన్న కూలి వర్గాల మగవాళ్ళను పనికి రమ్మని అధికారి ఆజ్ఞాపించవచ్చు. రాకపోతే శిక్ష. కూలి ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది, నిజమే. కానీ ‘కూలి వర్గాలు’ అన్న మాట గమనించండి. కట్ట తెగితే నష్టపోయేది మడి ఉన్నవాడు. కట్ట నిలబెట్టడానికి చట్టం లాక్కొచ్చేది మడి లేనివాణ్ణి.

1876-78 నాటి పెద్ద కరువులో ఈ ప్రాంతం ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. ఆ కరువు పనుల్లో జనం చెరువులకు మట్టి మోశారు, రోడ్లకు కంకర కొట్టారు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, దాంతోపాటు ఒక అణా చాలని తేల్చాడు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ ఆ తిండితో కష్టం చేసే మనిషి బతకడని వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. ఈలోపల పోయినవాళ్ళు పోయారు. మట్టిపనికి తక్కువ ఖర్చు అన్న మాట ప్రభుత్వ కాగితాల్లోకి ఎట్లా వచ్చిందో వెతికితే, ఆ ఒక పౌను గింజల దగ్గరికి మనం చేరుతాం.

స్వాతంత్ర్యం తర్వాత చూపు చెరువు నుంచి నేలవైపు తిరిగింది. 1949లో మద్రాసు భూమి అభివృద్ధి పథకాల చట్టం వచ్చింది. సమతల గట్లు వేయడం, కందకాలు తవ్వడం దాని పని. 1954లో పక్కనే బళ్ళారిలో నేల సంరక్షణ పరిశోధనా కేంద్రం పెట్టారు. 1973-74లో కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం మొదలైంది. అనంతపురం అందులోనూ ఉంది, తర్వాత ఎడారి అభివృద్ధి కార్యక్రమంలోనూ చేరింది. ఇన్ని పథకాలు వచ్చినా గట్టు పడాలంటే ముందు చేను ఉండాలి. భూమి లేనివాడికి దొరికింది కూలి మాత్రమే.

పెద్ద మలుపు 1994. తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన వేసిన కమిటీ ఈ పథకాలన్నిటినీ పరిశీలించింది. ఆ సిఫార్సుల మీద 1995 నుంచి కొత్త వాటర్‌షెడ్ మార్గదర్శకాలు వచ్చాయి. పని గుట్ట శిఖరం నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి అన్న సూత్రం అప్పట్నుంచి ఊరూరికీ చేరింది. ఇది ఇంజనీర్ల సూత్రమే కావచ్చు, నా దృష్టిలో సామాజిక న్యాయ సూత్రం కూడా. శిఖరం నుంచి మొదలుపెట్టడం అంటే పేదవాడి చేను నుంచి మొదలుపెట్టడం.

ఆ పని ఎట్లా ఉంటుందో చెప్తాను. విద్యార్థులు దీన్ని ఇంజనీర్లకు వదిలేయొద్దు. లెక్క చాలా సులువు.

కోతలో పారే నీటి వేగం రెండింతలైతే దాని శక్తి నాలుగింతలవుతుంది. కాబట్టి నీటిని ఆపడం కంటే నెమ్మదింపజేయడం ముఖ్యం. అందుకు వంకకు అడ్డంగా వరసగా చిన్న చిన్న రాతికట్టలు వేస్తారు. అధికారుల భాషలో లూజ్ బౌల్డర్, రాక్‌ఫిల్ డ్యామ్, గల్లీ ప్లగ్ అంటారు. సిమెంటు ఉండదు. ఎత్తు సాధారణంగా మీటరు లోపే. కింది కట్ట నెత్తి, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి. ఒక వంక వంద మీటర్ల పొడవులో ఆరు మీటర్లు దిగుతోందనుకోండి. కట్ట ముప్పావు మీటరు ఎత్తు అయితే ఎనిమిది కట్టలు కావాలి. మట్టం చూడటానికి ఒక నీటిగొట్టమో, మూడు కర్రలతో కట్టిన ఏ-ఫ్రేమో చాలు.

కట్ట నడుమ పల్లంగా, రెండు కొసలు ఎత్తుగా ఉండాలి. లేకపోతే నీళ్ళు పక్కల నుంచి ఒడ్డును కోసి కొత్త దారి చేసుకుంటాయి. కొసలను ఒడ్డులోకి తవ్వి చొప్పించాలి. పునాది ఒక అడుగైనా తీయాలి. పెద్ద రాళ్ళు బయటివైపు, చిన్నవి లోపల. నీళ్ళు దూకే దిగువన రాళ్ళు పరచాలి, లేకపోతే కట్ట పాదం తొలుచుకుపోతుంది. రాయి కోసం అదే వాలును పెకలించకూడదు, చేలో అడ్డమొచ్చే రాళ్ళు ఏరాలి. రాయి దొరకనిచోట కొయ్యలు పాతి కంప అల్లుతారు. వెనక మట్టి పడ్డాక అక్కడ వావిలి, కానుగ, కిత్తనార నాటితే వేర్లే కట్టను పట్టుకుంటాయి.

ఈ కట్ట నీళ్ళను నిలబెట్టదు. రాళ్ళ సందుల్లోంచి వదులుతుంది, మట్టిని మాత్రం పట్టుకుంటుంది. నేల కుంగితే సిమెంటు గోడ పగులుతుంది, రాతికట్ట నేలతోపాటు సర్దుకుంటుంది. ఒక రాయి జారితే మళ్ళీ పెట్టడానికి టెండరు అక్కర్లేదు. రెండు మూడు వానకాలాలకు కట్ట వెనక మట్టి చదునై, తేమ నిలిచి, గడ్డి మొలుస్తుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ పనిలో, కల్పవల్లి గుట్టల్లో, నేలను తేరుకోనిస్తే ఏమవుతుందో కనపడింది. మట్టికీ నీటికీ అడ్డుకట్టలు వేసి, మంటలు పడకుండా ఊళ్ళవాళ్ళే కాపలా కాస్తే బోడిగుట్టల మీద అడవి లేచింది. ఆ తర్వాత అదే గుట్టల మీద గాలిమరల కోసం వెడల్పాటి దారులు తొలిచారు. వాలు మీద తొలిచిన దారి అంటే మనిషి చేతులారా తవ్విన కోతే.

మరి ఇంత చవకైన, ఇంత తెలివైన పని ఎందుకు అంతటా జరగలేదు?

2005 ఉపాధి హామీ చట్టంలో మొదట రాసిన పనుల వరస చూడండి. నీటి సంరక్షణ మొదటిది. కరువు నివారణ రెండోది. దళిత, ఆదివాసీ కుటుంబాల భూములకు, భూసంస్కరణల్లో భూమి పొందినవాళ్ళ భూములకు నీటి వసతి నాలుగోది. పాత చెరువుల పూడికతీత ఆ తర్వాతే. కాంట్రాక్టర్లు ఉండకూడదు, సాధ్యమైనంతవరకు యంత్రాలు వాడకూడదు అని అందులో రాశారు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైంది కూడా మన గడ్డ మీదే, నార్పల మండలం బండ్లపల్లిలో. పెనుకొండ చుట్టుపక్కల కూలి సంఘాలు పెట్టుకుని దశాబ్దాలుగా కొట్లాడిన జనం ఉన్న జిల్లా ఇది. అది ఊరికే రాలేదు.

కానీ నేను తిరిగిన ఊళ్ళలో చూసింది వేరు. గుట్ట మీద ఎనిమిది రాతికట్టలు పడాల్సిన చోట రెండు పడతాయి, లేదా అసలు పడవు. కింద, పెద్దరైతుల బావులకు దగ్గరగా, సిమెంటు చెక్‌డ్యామ్ లేస్తుంది. కారణం సాంకేతికం కాదు. రాతికట్టలో ఖర్చంతా కూలే. సిమెంటు లేదు, ఇనుము లేదు, బిల్లు లేదు. మిగిలేది ఏమీ లేని పని మీద ఎవరికి ఆసక్తి? సిమెంటు కట్టలో సామగ్రి ఉంది, సామగ్రిలో వాటా ఉంది, నీళ్ళు ఊరేది వాటా ఉన్నవాడి బావిలోనే.

పైన అడ్డు లేకుండా కింద కట్టిన చెక్‌డ్యామ్ కొన్నేళ్ళకే మట్టితో నిండుతుంది. చెరువూ నిండుతుంది. అప్పుడు పూడికతీత పథకం వస్తుంది. నీరు-మీరు అన్నారు, నీరు-చెట్టు అన్నారు, పేర్లు మారాయి. తీసిన ఒండ్రు మట్టి ఎవరి పొలానికి పోతుంది? ట్రాక్టరు ఉన్నవాడి పొలానికి. ఆ మట్టి ఎక్కడిది? గుట్టవార డి.కె.టి. చేనిది. దళితుడి చేని పైమట్టి వానలో కొట్టుకొచ్చి, చెరువులో పడి, ప్రభుత్వ ఖర్చుతో పైకి తేలి, ఆయకట్టు రైతు పొలంలో ఎరువైంది. ఒక్క దస్తావేజు లేకుండా భూమి చేతులు మారింది. 1977 చట్టం నిషేధించిన బదలాయింపు ఇదే కదా!

ఇది మన ఒక్కళ్ళ కథ కాదు. 1930ల్లో అమెరికాలో దుమ్ము తుఫానులు లేచినప్పుడు, నిరుద్యోగ యువకులను క్యాంపుల్లో పెట్టి కోతలకు లక్షల్లో చిన్న కట్టలు వేయించారు. నల్లవాళ్ళకు వేరే క్యాంపులు. దక్షిణాన పాలుకు పత్తి పండించే నల్ల కుటుంబాలకు ఆ కాపాడిన నేల మీద హక్కు లేదు. ఫ్రాన్సులో 1860 చట్టంతో కొండవాగులను అదుపు చేయడానికి అడవులు పెంచబోతే, మేతభూములు పోతాయని కొండ పల్లెల రైతులు తిరగబడ్డారు. మట్టిని కాపాడటం మంచిపనే. ఎవరి మట్టి, ఎవరి చేతులు, ఎవరి నిర్ణయం అన్న మూడు ప్రశ్నలు ఎక్కడైనా అవే.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువులో నీళ్ళు ముట్టుకున్నాడు. అది తాగే హక్కు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉంటూ దామోదర్ లోయ పథకానికి రూపమిచ్చాడు. అది నీళ్ళు ఎక్కడ ఆగాలో నిర్ణయించే హక్కు. మనం మొదటిదాన్ని ఏటేటా పండగ చేసుకుంటాం. రెండోదాన్ని ఇంకా అడగడం మొదలుపెట్టలేదు.

కాబట్టి సామాజిక తనిఖీకి పోయే విద్యార్థులకు నా మాట. మస్టర్లు, వేలిముద్రలు చూసి వెనక్కి రావద్దు. గుట్ట ఎక్కండి. పని పైనుంచి మొదలైందా, కిందినుంచా అడగండి. అంచనాలో రాసిన కట్టలు ఎన్ని, వంకలో ఉన్నవి ఎన్ని, లెక్కపెట్టండి. కట్ట నడుమ పల్లంగా ఉందా, కొసలు ఒడ్డులోకి పోయాయా, దిగువన రాళ్ళు పరిచారా చూడండి. రాయి ఎంత దూరం నుంచి మోశారో ఆడోళ్ళను అడిగి, కొలతల పుస్తకంలో ఆ దూరం ఎక్కిందో లేదో సరిచూడండి. తక్కువ ఖర్చు అన్న అంకె చాలాసార్లు అక్కడే తయారవుతుంది. పూడిక మట్టి తోలేటప్పుడు మొదటి బండి గుట్టవార పట్టా చేన్లకు పోవాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి. అది దానం కాదు, పోయిన మట్టి తిరిగి ఇవ్వడం.

వంకలో రాయి మీద రాయి పేర్చడం మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ రాయి ఎక్కడ పడాలో చెప్పే కాగితం మీద వాళ్ళ సంతకం ఉండాలి. ఇప్పుడు కావాల్సింది అది.

వచ్చే భాగంలో నీరుగంటి ఇనాం భూములు ఏమైపోయాయో మాట్లాడుకుందాం. మీ ఊళ్ళో నీరుగంటి కుటుంబం ఉంటే, వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పే సంగతులు ఈలోపల రాసి పెట్టుకోండి.

జై భీమ్!